డెబ్బైకి పది

డ్వేన్ ఫెటర్‌హాఫ్ అనేవాడు పక్క జిల్లాలో పుట్టి ఉంటే హార్లన్ ష్రోక్ సుఖంగా బతికేవాడు. ఈ డ్వేన్ పాత నాణేల వ్యాపారి. మూడేళ్ల కిందట హార్లన్‌కి ఒక వెండి అరడాలరు అమ్మాడు. అది ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఉంది. పెట్టె మీద నాణేలకి మార్కులు వేసే, ఊరూ పేరూ తెలియని మేపుల్ రన్ అనే సంస్థ ముద్ర, డెబ్బైకి అరవై అయిదు మార్కులు. నాణేలకి మార్కులు డెబ్బైకే ఎందుకు వేస్తారో అడగకూడదు, వేస్తారంతే. హార్లన్ దాన్ని పేరున్న పెద్ద సంస్థకి పంపితే వాళ్లు అరవై మూడే వేశారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడికి మార్కుల దగ్గర మోసపోవడాన్ని మించిన అవమానం లేదు.

అందుకే ఆ శనివారం పొద్దున అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫైర్ స్టేషన్ హాల్లో జరిగే నాణేల సంతకి వెళ్లాలి. పదిమందిలో మేపుల్ రన్ బండారం బయటపెట్టాలి. డ్వేన్ మొహం పాలిపోతుంటే కళ్లారా చూసి, అక్కడ అమ్మే చిల్లీ, అదే బీన్సూ మాంసం కూర, ఒక గిన్నెడు తిని ఇంటికి రావాలి.

సాక్ష్యం జేబులోనే ఉంది. భార్య ఓపల్‌కి వాళ్ల నాన్న ఇచ్చిపోయిన పొగాకు డబ్బాలో 1893 నాటి వెండి డాలరు ఒకటి ఉండేది. దాని వెనకవైపు, ఆకుల దండ కింద, చీమ తలంత ఎస్ అక్షరం, అది అచ్చయిన టంకశాల గుర్తు. ఆ ఏడాది నాణెం మీద ఆ అక్షరం ఉంటే వేలు పలుకుతుంది, లేకపోతే వందలతో సరి. అందుకే అక్షరం అతికించి అమ్మే ఘనులు బోలెడుమంది. ఇదీ ఆ బాపతే అని హార్లన్ పెళ్లయిన కొత్తలోనే తేల్చేశాడు. భూతద్దం పెట్టి చూడటం కూడా దండగన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం అతను. ఇప్పుడా దొంగ నాణేన్నే మేపుల్ రన్‌కి పంపాడు. అది పెట్టెలో కూర్చుని తిరిగొచ్చింది: నిజమైనది, డెబ్బైకి పది.

"మా నాన్న నాణేనికి పదే వేశారా?" అంది ఓపల్.

"అంత అరిగిపోయినదానికి పదంటే తక్కువేం కాదు. దొంగదాన్ని నిజమైనదని రాశారు, అదీ సంగతి. దొరికిపోయారు."

"నిజమైనదేనేమో."

"మీ నాన్న మంగలి కొట్టు నడిపాడు, ఓపల్. ఆయన చేతికి ఇలాంటిది ఎలా వస్తుంది?"

"డబ్బున్నవాళ్లకీ జుట్టు పెరుగుతుందయ్యా" అంది. అది నిజమైనదైతే అమ్మి వంటింటి నేల బాగుచేయించమని కూడా అడిగింది. నేల కుంగిపోయి ఫ్రిజ్ ఒక పక్కకి ఒరిగింది. దాని తలుపు తనంతట తానే తెరుచుకుంటోంది. హార్లన్ నవ్వి, ట్రక్కు తాళాలు తీసుకున్నాడు. ఓపల్ కూడా ఎక్కి కూర్చుంది.

సంతలో డ్వేన్ నాణేన్ని భూతద్దం కింద చాలాసేపు తిప్పి చూశాడు. మొహం పాలిపోలేదు. రెండు వేల ఎనిమిది వందలు ఇస్తానన్నాడు.

హార్లన్ లెక్కలో ఈ మాట లేదు. ఒక్క క్షణం తడబడ్డాడు, అంతలోనే అతనికి అంతా అర్థమైపోయింది. ఆ సంస్థ పరువు కాపాడటానికి వీడు సొంత డబ్బు తగలెయ్యడానికైనా సిద్ధపడ్డాడన్నమాట. అమ్మనన్నాడు హార్లన్. పెట్టె ఇక్కడే పగలగొట్టి, ఆ ఎస్‌ని గోటితో ఊడదీసి చూపిస్తానన్నాడు. బల్లల దగ్గర బేరాలు ఆగిపోయాయి.

"పగలగొట్టకు హార్లన్. మూడు వేలు తీసుకో" అన్నాడు డ్వేన్.

"చూశారా, భయంతో పెంచుతున్నాడు" అన్నాడు హార్లన్ అందరివైపూ తిరిగి.

పెట్టెని ఫైర్ స్టేషన్ పనిబల్ల మీది ఇనప బిగింపులో నిలబెట్టి, బిగించి, సుత్తితో ఒక్కటిచ్చాడు. పెట్టె రెండుగా విడిపోయింది. నాణెం మాత్రం గాల్లోకి లేచి, బెర్నిస్ అనే పెద్దావిడ గరిటె తిప్పుతున్న చిల్లీ కుండలో బుడుంగున మునిగింది. ఆవిడ బీన్స్ పక్కకి నెడుతూ వెతికి, గరిటెతో పైకి తీసి అందించింది. హార్లన్ దాన్ని ప్యాంటుకి రుద్ది తుడిచాడు. రుద్దితే పాత నాణెం విలువ పడిపోతుందని తెలిసిన చుట్టూ ఉన్నవాళ్లు అది చూసి కళ్లు మూసుకున్నారు. పసిబిడ్డని గరుకు కాగితంతో రుద్దినా వాళ్లు అంత బాధపడరు.

ఎస్ గోటికి ఊడలేదు. జేబుకత్తి తీశాడు. మొనకీ ఊడలేదు. జిగురు గట్టిదని చెప్పి బలంగా నొక్కాడు. కత్తి జారింది. ఎస్ తల ఎగిరిపోయింది. ఆకుల దండకి అడ్డంగా ఒక తెల్లటి గాటు పడింది. మిగిలిన సగం అక్షరం మాత్రం నాణెంతోపాటే పుట్టినట్టు కదలకుండా కూర్చుంది.

డ్వేన్ తన భూతద్దం అతని చేతికిచ్చాడు. "ముందువైపుకి తిప్పు. ఆడమనిషి బొమ్మ తలపట్టీ మీద రాసిన మాటలో టి అక్షరం తల చూడు. సన్నటి గీత ఉందా?"

హార్లన్ ఆ నాణేన్ని మొదటిసారి భూతద్దంలో చూశాడు. "ఉంది."

"ఆ ఏడాది ఎస్ నాణేలు కొట్టిన అచ్చులోనే ఉన్న గీత అది. ఎస్ అతికించేవాళ్లకి ఆ గీత దొరకదు."

"మరి నా అరడాలరుకి రెండు మార్కులు ఎక్కువెందుకేశారు?"

"మార్కుల దగ్గర వాళ్ల చెయ్యి ధారాళం. ఎప్పుడూ రెండు తగ్గించుకుని చూసుకోమని అమ్మిన రోజే చెప్పాను. కానీ దొంగని దొర అని రాయరు."

చెప్పాడేమో. ఆ రోజు హార్లన్ పెట్టెనే చూస్తున్నాడు.

ఓపల్ వచ్చి నాణేన్ని అతని చేతిలోంచి తీసుకుంది. ఇప్పుడెంతని డ్వేన్‌ని అడిగింది. పదకొండు వందల యాభై అన్నాడతను, తల వంచుకుని. ఇచ్చెయ్యమంది. నోట్లు సంచిలో పెట్టుకుని మొగుడివైపు తిరిగింది.

"మా నాన్న కూడా జీవితమంతా కత్తి పట్టుకునే బతికాడు. ఒక్క చెవి తెగలేదు."

ఎన్ని చేతులు మారిందో తెలియని వెండి మునిగిన చిల్లీ ఎవరికీ వడ్డించనని బెర్నిస్ కుండంతా పారబోసి, ఎనభై అయిదు డాలర్లు హార్లన్ దగ్గర వసూలు చేసింది.

ఓపల్ డబ్బుతో వంటింటి నేల సగం బాగైంది. ఫ్రిజ్ మిగతా సగం మీద ఉంది. దాని తలుపు తెరుచుకున్నప్పుడల్లా హార్లన్ లేచి వెళ్లి మూసి వస్తాడు. డ్వేన్ ఇస్తానన్న మూడు వేల లెక్కన చూస్తే, చిల్లీతో కలిపి అతను పోగొట్టుకున్నది పంతొమ్మిది వందల ముప్పై అయిదు డాలర్లు.