పెర్చ్ మూడు చావులు

ఈ కథలో ఒక్క అక్షరం కూడా నేను కల్పించలేదు. కల్పించి ఉంటే ఇంకాస్త నమ్మేలా ఉండేది.

అమెరికాలోని మంచు ఊరు డులూత్‌లో ఆ ఫిబ్రవరి శుక్రవారం పొద్దున వెర్లిన్ ఆస్ట్‌బీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఆఫీసు పని ముగించాలి. పన్నెండింటికల్లా గడ్డకట్టిన చెరువు మీద, మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టే తన గుడిసెలో కూర్చోవాలి. గాలం, మడత కుర్చీ, ఫ్లాస్కు బండిలో సర్దుకునే వచ్చాడు.

పనల్లా ఒక సాధనాన్ని కొత్త వెర్షన్‌కి మార్చడం. కంప్యూటర్‌లో కెర్నెల్ అనే గుండెకాయ ఆగిపోతే, ఆ క్షణాన దాని బుర్రలో ఉన్నదంతా ఒక ఫైలుగా మిగులుతుంది. ఆ శవాన్ని కోసి, ఎలా చచ్చిందో చెప్పే పంచనామా సాధనం అది. ఆ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా దాన్ని సాకుతున్నది వెర్లినే. దాని అసలు కర్తలు తాజా వెర్షన్ వదిలారు. కంపెనీ కొత్త కెర్నెల్‌తో పాటు అదీ ఇవాళ నాలుగింటికల్లా బయటికి వెళ్లాలి. ఎందుకంటే కొత్త కెర్నెల్ శవాలు పాతదానికి అర్థం కావు. "నాలుగు దాటితే దాన్ని జాబితాలోంచి తీసేస్తాను వెర్లిన్, ఏమనుకోకు," అని విడుదలలు చూసే మార్లీన్ ముందే చెప్పింది. చెప్పి, తనే నొచ్చుకుని, ఒక పళ్లెం నిమ్మకాయ బార్లు, అంటే పుల్లపుల్లటి తీపి బిళ్లలు, చేసి తెచ్చింది.

వెర్లిన్ కొత్త వెర్షన్‌ను, కొత్త కెర్నెల్ ఉన్న పెర్చ్ అనే యంత్రం మీదికి ఎక్కించాడు. ఆ ఆఫీసులో యంత్రాలన్నిటికీ చేపల పేర్లే. పంచనామాకి ముందు శవం కావాలి కదా. కెర్నెల్‌ను కావాలని కూల్చే ఆజ్ఞ ఒకటుంది. అది కొట్టి, పెర్చ్ చచ్చి లేచేలోగా కాఫీకి వెళ్లాడు.

పరీక్షల గదిలో పనిచేసే టెస్ కోవాల్‌చిక్‌కి పెర్చ్ పడిపోయిందని ఎర్రదీపం కనిపించింది. వెర్లిన్‌ను ఒక్క మాట అడిగితే తేలిపోయేది. కానీ గడువు రోజున పెద్దాయన్ని కదిలించడం మర్యాద కాదు. కొత్త కెర్నెల్‌కే ఏదో జబ్బు అనుకుని, దాన్ని తీసేసి పాతది పెట్టింది.

వెర్లిన్ వచ్చి సాధనాన్ని నడిపితే, శవం ఒకరిది, వివరాలు ఇంకొకరివి అని మొరాయించింది. చూస్తే పెర్చ్‌లో పాత కెర్నెల్ ఉంది. నిద్రమత్తులో తనే పెట్టాడేమో అనుకున్నాడు. ఎవరినైనా అడిగితే తప్పు పట్టినట్టు ఉంటుంది. చప్పుడు చేయకుండా కొత్తది పెట్టి, మళ్లీ చంపి, మళ్లీ కాఫీకి వెళ్లాడు.

తీసేసిన కెర్నెల్ తనంతట తానే తిరిగొచ్చి మరీ చచ్చేసరికి టెస్‌కి ముచ్చెమటలు పోశాయి. మార్లీన్‌కి చెప్పింది. ఇద్దరూ కలిసి ఆ శవం ఫైలును సాక్ష్యంగా తమ దగ్గరికి తరలించుకున్నారు. వెర్లిన్ తిరిగొచ్చేసరికి ఫైలే లేదు. కొత్త సాధనం శవాల్ని తినేస్తోందని బెంగపడి, పెర్చ్‌ను మూడోసారి చంపాడు. ఆ శవమూ టెస్ దగ్గరికే పోయింది. అప్పటికి పళ్లెంలో ఒకే ఒక్క బారు మిగిలింది. ఆఖరిది తీసుకోవడం ఎవరికీ మనసొప్పక, వచ్చిన ప్రతివాళ్లూ మిగిలినదాంట్లో సగం కోసుకుంటున్నారు.

రెండింటికి మార్లీన్ విడుదలే ఆపేసి, వెర్లిన్‌ను పిలిచింది. "పరీక్షల గదిలో ఒక యంత్రం పొద్దుట్నుంచి మూడుసార్లు పడిపోయింది. కారణం తేలకుండా కెర్నెల్‌ను పంపలేను. పాత సాధనం చదవనంటోంది. నీకు వీలైతేనే, కొత్తదాంతో ఒకసారి చూస్తావా?"

ఏ యంత్రమో ఆమె చెప్పలేదు. ఇతను అడగలేదు. వెర్లిన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పొద్దుట్నుంచి ఒక్క శవాన్నీ సరిగా చదవని సాధనం, ఇప్పుడు అందరి ముందూ తెర మీద నడవాలి. మొరాయించిందా, ఇరవై రెండేళ్లూ నీళ్లపాలైనట్టే.

మొరాయించలేదు. టెస్ ఇచ్చిన ఫైలును కొత్త సాధనం అరటిపండు ఒలిచినట్టు ఒలిచి పెట్టింది. వెర్లిన్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఇది జబ్బు కాదు, హత్య," అన్నాడు. "మనిషెవడో చేత్తో ఆజ్ఞ ఇచ్చి చంపాడు. వాడు మనలోనే ఉన్నాడు."

"ఎవరో తెలుస్తుందా వెర్లిన్ గారూ?" అంది టెస్.

"పేరుతో సహా చెబుతుంది, చూస్తూ ఉండు."

చెప్పింది. బారెడు అక్షరాలతో తెర మీద పడింది. యంత్రం, పెర్చ్. ఆజ్ఞ ఇచ్చినవాడు, వెర్లిన్.

మార్లీన్ కిటికీలోంచి మంచును చూసింది. టెస్ బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది.

"మంచి సాధనం," అంది మార్లీన్ చివరికి.

"పాత కెర్నెల్ పెట్టింది నేనే," అంది టెస్ చిన్నగా. "ఆ ఫైలు తీసింది కూడా మేమే. మీరు పనిలో ఉన్నారని అడగలేదు."

వెర్లిన్ కాసేపు తెరనూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే సాధనానికి ఏ రోగమూ లేదన్నమాట."

"మరి కెర్నెల్ సంగతి?" అంది మార్లీన్.

"గుండ్రాయిలా ఉంది. నేను చంపితే తప్ప చావలేదు."

మార్లీన్ గడియారం చూసింది. మూడు నలభై. పరీక్ష ఫలితం అన్నచోట 'నేరస్థుడు దొరికాడు' అని రాసి, రెండింటినీ విడుదల చేసింది. తర్వాత పళ్లెం అతని ముందుకు జరిపింది. అందులో గోరంత ముక్క ఉంది. వెర్లిన్ దాన్ని కోయకుండా, మొత్తం నోట్లో వేసుకుని చెరువుకు బయల్దేరాడు.

అదొక్కటి మాత్రం నేను కల్పించాను. ఆఖరి ముక్క తినేంత తెగింపు డులూత్‌లో ఎవరికీ లేదు.