కౌన్సిలర్ మేడం లైసెన్స్

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ దగ్గరపడుతోంది, ఖతర్ అంతా హడావుడిగా ఉంది. ఆ శుక్రవారం పొద్దున సునంద వేసుకున్న పథకం మాత్రం చాలా చిన్నది. ఏషియన్ టౌన్ పక్కనున్న కార్మికుల క్యాంపుకు వెళ్ళి, మంచి నిద్ర గురించి నాలుగు మాటలు చెప్పి, మధ్యాహ్నానికి అల్ సద్‌లోని ఇంటికి చేరి బిర్యానీ తినాలి.

సునంద కరీంనగర్‌లో పేరున్న మానసిక కౌన్సెలర్. అయితే అక్కడి లైసెన్స్ ఇక్కడ చెల్లదు. కొత్తదానికి పెట్టిన దరఖాస్తు ఇంకా నానుతూనే ఉంది.

"అది వచ్చేదాక అందరికి కలిపి నాలుగు మాటలు చెప్పుండ్రి గని, ఎవ్వరికీ విడిగ కౌన్సెలింగ్ చెయ్యొద్దు మేడం. ఎవరన్న కంప్లయింట్ ఇస్తే మీ లైసెన్స్ ఖతం," అని ఆమె కొత్తగా చేరిన క్లినిక్ మేనేజర్ జహాంగీర్ హెచ్చరించాడు.

"నా నోరు నా అదుపులనే ఉంటది జహాంగీర్ భాయ్," అంది సునంద ధీమాగా.

అదుపు తప్పింది జహాంగీర్ నోరే. క్యాంపులో ఉండే జగిత్యాల రాజన్నకు ఫోన్ చేసి, "మా కౌన్సెలర్ మేడం వస్తున్నది" అని ఊరుకున్నాడు. రాజన్నకు తెలిసిన కౌన్సిలర్ ఒక్కరే, మున్సిపాలిటీలో వార్డు నుంచి గెలిచేవారు.

సునంద టాక్సీ దిగీ దిగగానే మెడలో దండ పడింది.

"మా వార్డు కౌన్సిలర్ గెలిచినంక మళ్ల మొకం సూపియ్యలే. మీరు సముద్రం దాటొచ్చిండ్రు!" అన్నాడు రాజన్న పొంగిపోతూ.

"అయ్యో, నేను ఆ కౌన్సిలర్ కాదు. అసలు నాకీడ లైసెన్సే లేదు!"

"ఇండియా లైసెన్స్ ఈడ ఎవ్వలిది నడవది మేడం. ఫికర్ చెయ్యకుండ్రి, మా అతీఖ్ కారుల దించుతడు."

ఇక జనం ఆగలేదు. మురుగు మోరి నిండిందని ఒకరు, ఏసీ పనిచేయడం లేదని ఒకరు మొరపెట్టుకున్నారు. చిరంజీవి అనే మేస్త్రీ ముందుకొచ్చి, "ఇంటి యాదికి నిద్ర పడ్తలేదు మేడం," అన్నాడు. సలహా సునంద నాలుక చివరిదాకా వచ్చింది. పాపం, మింగేసింది. తలూపి, "చూస్తా" అంది.

గుంపును చూసి హడలిపోయిన క్యాంప్ బాస్ చెవిన 'లైసెన్స్ లేదు' అన్న ముక్క పడింది. వెంటనే పైకి ఫోన్ కొట్టాడు. కాసేపటికి తనిఖీ అధికారి వచ్చాడు, వెనకాలే కబురందుకుని చెమటలు తుడుచుకుంటూ జహాంగీర్ వచ్చాడు.

"ఈమె మీకు కౌన్సెలింగ్ చేసిందా?" అధికారి ప్రశ్నను జహాంగీర్ కార్మికులను తెలుగులో అడిగాడు. సునందకు పై ప్రాణాలు పైనే పోయాయి.

రాజన్న నిట్టూర్చాడు. "కౌన్సిలర్లు ఎన్నడన్న ఏమన్న చేస్తరా సార్? మోరి నిండిందంటే తలూపింది. నిద్ర పడ్తలేదంటే తలూపింది. చూస్తా అన్నది. గంతే, ఒక్క పని చెయ్యలే!"

జహాంగీర్ ఆ జవాబును ఉన్నదున్నట్టు వినిపించగానే, అధికారి సునందను వదిలేసి క్యాంప్ బాస్ వైపు తిరిగాడు. "ఏదీ ఆ మోరి?"

సాయంత్రానికల్లా మోరి బాగైంది. కొన్నాళ్ళకు లైసెన్సూ వచ్చింది. సునంద దాన్ని పట్టుకొని, ముందుగా చిరంజీవి కోసమే క్యాంపుకు పరుగెత్తింది.

ఆమెను గేటు దగ్గరే చూసి రాజన్న ఆశ్చర్యపోయాడు. "అప్పుడే మళ్ల ఎలచ్చన్లొచ్చినయా మేడం?"