ఐదు కవర్ల వడ్లు

ఆ రోజు పొద్దున సైదమ్మ అనుకున్నది ఒక్కటే. పదకొండింటికి తనిఖీ బృందం వచ్చేలోపు ల్యాబును మెరిసేలా తుడిచి పెట్టాలి. ఆ తర్వాత ఎవరి కంటా పడకుండా మెట్ల కింద గదిలో కూర్చోవాలి.

కంట పడకూడదనుకోవడానికి కారణం ఉంది. సూర్యాపేట నుంచి కోదాడ పోయే హైవే పక్కనున్న ఆ యూనివర్సిటీ సైన్స్, ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె రెండేళ్ళుగా ఏజెన్సీ కింద ల్యాబులు ఊడుస్తోంది. కిందటి నెలలో లెక్కల సారు గదిలో బోర్డు నిండా ఏవో గీతలుంటే, పాపం ఎవరూ తుడవట్లేదని తడిగుడ్డ పెట్టి తుడిచేసింది. అవి ఆ సారు మూడు వారాలుగా వేస్తున్న లెక్కలు. ఆయన ఒక పూట అన్నం మానేశాడు. పనివాళ్ళ పేర్లు రాసే సూపర్‌వైజర్ సోమయ్య ఆమెను పిలిపించి, "సూడు సైదమ్మా, జూన్ల కొత్త లిస్టు రాస్త. ఇంగొక్క తప్పు జరిగిందనుకో, అండ్ల నీ పేరుండదు. మళ్ళ నన్ను అనొద్దు" అన్నాడు. అప్పటి నుంచీ సైదమ్మ బోర్డు ఉన్న గోడ దగ్గరికే పోవడం లేదు.

ఈ తనిఖీ మామూలుది కాదు. పిల్లలు ఏం సాధించారు, సార్లు ఏం సాధించారు అని చూసి కాలేజీకి మార్కులు వేసే తనిఖీ. అందులో అందరి ఆశా జ్యోత్స్న అనే ఆఖరి ఏడాది పిల్ల మీదే. పిడికెడు వడ్లు పోసి మీట నొక్కితే తేమ ఎంతుందో చెప్పే మిషన్ చేసింది ఆమె. రాష్ట్రమంతటిలో మొదటి బహుమతి వచ్చింది. చేయించినది ఉపేందర్ సార్. ఇద్దరి ఫొటోలతో గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కూడా కట్టారు.

ఏడున్నరకు సైదమ్మ ల్యాబు తలుపు తీసేసరికి గుప్పున ముక్కిన వాసన కొట్టింది. బల్ల కింద ఐదు ప్లాస్టిక్ కవర్లు. విప్పి చూస్తే వడ్లు. ఒకదాంట్లో పొడిగా, ఒకదాంట్లో చెమ్మగా, చివరిదాంట్లో అయితే చేతికి అంటుకునేంత తడిగా ఉన్నాయి. ఒక్కో కవరు మీద ఒక్కో అంకె: పన్నెండు, పద్నాలుగు, పదిహేడు, ఇరవై, ఇరవై నాలుగు. పిల్లల రోల్ నంబర్లు కాబోలు అనుకుంది.

మోతె ఊళ్ళో ఇరవై ఏళ్ళు వరి చేసిన చేతులు అవి. తడి వడ్లు మూటగట్టి ఉంటే చూస్తూ ఊరుకోవడం ఆ చేతులకు రాదు. "అయ్యో, ఇంకో పూటైతే మొలకలొస్తయ్! సదువుకున్నోళ్ళకు గీ మాత్రం ఎరుక లేదాయె" అనుకుంటూ ఐదు కవర్లూ డాబా మీదికి మోసింది. పట్టా పరిచి, అన్నిటినీ ఒకే కుప్పగా పోసి, పలచగా ఆరబోసింది. కవర్లు ఉతికి, తీగ మీద ఆరేసింది. ఏప్రిల్ ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. రెండు సార్లు కాళ్ళతో చాళ్ళు తీసి తిరగేసింది. చాలా రోజుల తర్వాత ఆమె మనసు కాస్త కుదుటపడింది.

తొమ్మిదిన్నరకు జ్యోత్స్న పరుగున వచ్చింది. చేతిలో కాగితం, కళ్ళ కింద నలుపు.

"ఆంటీ, బల్ల కింద సాంపిల్ కవర్లు ఉండాలె, ఏవి?"

"వడ్ల కవర్లా బిడ్డా?"

"అవే. పది రోజుల సంది ఒక్కొక్కదాన్ని కొలిచి తడిపినం ఆంటీ. ఒకదాంట్ల పన్నెండు శాతం తేమ, ఒకదాంట్ల ఇరవై నాలుగు. మిషన్ల పోస్తే కవర్ మీద ఉన్న అంకెనే రావాలె. జర అటిటు అయినా మా పని ఖతమే."

సైదమ్మ కళ్ళు డాబా మెట్ల వైపు పోయాయి. "ల్యాబు తుడుస్తున్న గద, లోపల పెట్టిన. తెస్త తియ్యి" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు ఒక నిమిషం దాకా తెలియలేదు. జ్యోత్స్న, "థాంక్స్ ఆంటీ" అని, కాగితంలోది వల్లె వేసుకుంటూ వెళ్ళిపోయింది.

సైదమ్మ గేటు దగ్గరికి ఉరికింది. అక్కడ వాచ్‌మన్ హరిలాల్ ఫ్లెక్సీ మీద దుమ్ము దులుపుతున్నాడు.

"హరిలాల్ తమ్మీ, నా నౌకరి పోయినట్టే!" అని జరిగిందంతా చెప్పింది.

హరిలాల్ తొణకలేదు. ఏ కష్టానికైనా అతని దగ్గర ఒక ఉపాయం ఉంటుంది. అది పనిచేస్తుందా లేదా అన్నది అతను పట్టించుకోడు. "గింతకే పరేషాన్ ఎందుకక్కా? తేమంటే నీళ్ళే గద. కవర్ మీద ఎంత అంకె ఉంటే అన్ని గ్లాసుల నీళ్ళు పోద్దాం."

"అంకెకో గ్లాసా?"

"మరి? ఇంజనీరింగ్ అంటే గదే లెక్క."

మామూలు రోజైతే సైదమ్మ అతన్ని నవ్వులపాలు చేసి ఉండేది. భయంలో ఉన్నవాళ్ళకు ఎవరి మాటైనా బాగానే వినిపిస్తుంది. ఇద్దరూ డాబా ఎక్కారు. పెద్ద అంకెతో మొదలుపెడదామని ఇరవై నాలుగు కవర్లో వడ్లు నింపి, టీ గ్లాసుతో నీళ్ళు పోయసాగారు. పద్నాలుగో గ్లాసుకు వడ్లు పైకి తేలాయి.

"తమ్మీ, ఇది నారు పోసుకునేటట్టుంది గదరా!"

"ఆగు, ఇంక పది గ్లాసులున్నయ్" అంటూ హరిలాల్ కవరును కొలాయి దగ్గరికి ఎత్తబోయాడు. చెయ్యి జారింది. నీళ్ళన్నీ బుస్సున పట్టా మీదికి పారి, మిగిలిన వడ్లన్నీ నిలువునా తడిశాయి. సైదమ్మ పట్టా అంచు పట్టుకుని అలాగే చతికిలబడింది.

"ఏడవకక్కా. వడ్లకేం కరువు? రోడ్డు మీద పోతనే ఉన్నయ్" అన్నాడు హరిలాల్.

అదీ నిజమే. ఎండాకాలపు పంట, ఏసంగి వరి కోతల సమయం. ఇద్దరూ హైవే మీదికి వెళ్ళి నిలబడ్డారు. వడ్ల లోడుతో మిర్యాలగూడ మిల్లుకు పోతున్న ఒక ట్రాక్టరును హరిలాల్ చెయ్యెత్తి ఆపాడు. నడుపుతున్న రైతు కాశీరాం, హరిలాల్ యూనిఫాం చూసి బెదిరిపోయి కిందికి దిగాడు.

"నాయన్నీ మంచి వడ్లే సారూ! తాలు లేదు, మట్టి లేదు."

"మేం పోలీసోళ్ళం కాదన్నా" అంది సైదమ్మ. "జర పదిసేర్ల వడ్లియ్యి, నా బతుకు నిలవెట్టినోనివైతవ్. మా కాలేజీల తేమ సూసే మిషన్ ఉంది. నీ వడ్లకు తేమెంతుందో ఉత్తగనే చెప్పిస్త."

కాశీరాం ముఖం వెలిగిపోయింది. మిల్లులో తేమ ఎక్కువని వెనక్కి పంపితే మళ్ళీ ఆరబోసుకోవాలి. ముందే తెలిస్తే అంతకంటే ఏం కావాలి? వడ్లిచ్చి, ట్రాక్టరును గేటు పక్కన ఆపుకుని, చెట్టు నీడకు చేరాడు.

అక్కడే ఇంకో పొరపాటు మొదలైంది. వడ్ల కాలంలో ఈ జిల్లాలో ఎక్కడైనా లోడుతో ట్రాక్టరు ఆగి కనిపిస్తే, దేనికని అడగరు. ముందుగా దాని వెనక చేరి వరుస పట్టుకుంటారు. ఆ తర్వాత తీరిగ్గా కనుక్కుంటారు. అరగంటలో హుజూర్‌నగర్ వైపు నుంచి వచ్చినవీ, సూర్యాపేట మార్కెట్‌కు బయల్దేరినవీ కలిసి తొమ్మిది ట్రాక్టర్లు కాలేజీ గేటుకు అడ్డంగా నిలిచాయి. "టోకెన్లు ఎవలిస్తున్రు?" అని చివరి ట్రాక్టరాయన అరుస్తున్నాడు.

సైదమ్మ ఇదేమీ చూడలేదు. తీగ మీది కవర్లు తెచ్చి, ఒకే ట్రాక్టరులోని వడ్లను ఐదింటిలోకీ నింపి, ల్యాబు బల్ల మీద వరుసగా పెట్టింది. ఐదూ ఒకటే వడ్లు. మిషన్ ఐదింటికీ ఒకటే అంకె చెప్తుంది. అప్పుడు జ్యోత్స్న పరువు, కాలేజీ మార్కులు, తన నౌకరి, మూడూ ఒక్క దెబ్బకు పోతాయి. చెప్పేద్దామని రెండు సార్లు జ్యోత్స్న వైపు అడుగు వేసింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. సైదమ్మ వెనక్కి తిరిగి మంచినీళ్ళ ట్రే అందుకుంది.

పదకొండింటికి తనిఖీ బృందం కారు గేటు దగ్గర ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుపోయింది. ముగ్గురు పెద్దమనుషులు దిగి, దుమ్ములో నడుచుకుంటూ వచ్చారు. ఎదురెళ్ళిన ప్రిన్సిపాల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమిటీ ట్రాక్టర్లు?" అని వాళ్ళలో పెద్దాయన అడిగాడు.

ప్రిన్సిపాల్ నోరు తెరిచేలోపే హరిలాల్ సెల్యూట్ కొట్టి, "మా పిల్ల మిషన్ కోసం వచ్చిన్రు సార్. పొద్దటి సంది ఒకటే లైను!" అన్నాడు.

పెద్దాయన అక్కడే ఆగిపోయి, పక్కనున్నాయనతో, "రాసుకోండి, రాసుకోండి. రైతులకు నేరుగా ఉపయోగం" అన్నాడు. ప్రిన్సిపాల్ ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది.

ల్యాబులో మంచినీళ్ళ ట్రే పట్టుకుని సైదమ్మ తలుపు పక్కన నిలబడింది. జ్యోత్స్న మొదటి కవరులోంచి పిడికెడు వడ్లు తీసి మిషన్‌లో పోసింది. మీట నొక్కింది. పన్నెండు అని పడింది.

మొదటిది ఎట్లాగో కలిసిందిలే అనుకుంది సైదమ్మ. రెండో కవరు. పద్నాలుగు. మూడోది. పదిహేడు. సైదమ్మ కవర్ల మీది అంకెల వంక మళ్ళీ చూసింది. నాలుగోది ఇరవై, ఐదోది ఇరవై నాలుగు. గదంతా చప్పట్లు. పెద్దాయన ఐదో కవరులో చెయ్యి పెట్టి, కళ్ళు సగం మూసి, "నిజమే. చేతికి చల్లగా తగులుతోంది" అన్నాడు. మిగతా ఇద్దరూ చెయ్యి పెట్టి, "అవునవును, బాగా తడి" అన్నారు.

అంతలో కాశీరాం తువాలలో వడ్లు మూటగట్టుకుని తలుపులో ప్రత్యక్షమయ్యాడు. "నాయి గూడ సూడుండ్రి సారూ, యాళ్ళయితుంది."

ఉపేందర్ సార్ ఒక్క దూకులో మిషన్‌కు అడ్డం వచ్చాడు. "చార్జింగ్ ఖతమైంది! సార్, భోజనాలు రెడీ, పదండి, పదండి" అని బృందాన్ని దాదాపు నెట్టుకుంటూ తీసుకుపోయాడు.

గది ఖాళీ అయ్యాక సైదమ్మ ఒక్కో కవరులోంచి ఒక్కో గింజ తీసి పంటి కింద పెట్టింది. ఐదూ ఒకే తీరుగా కటుక్కుమన్నాయి. కాశీరాంను మిల్లుకు వెళ్ళమంది. "పదహారు దాటయ్ అన్నా, మిల్లోడు నోరెత్తడు." అతను సంతోషంగా పోయాడు. అతని ట్రాక్టరు కదిలేసరికి, వెనకున్న ఎనిమిదీ దేనికి ఆగాయో తెలియకుండానే కదిలాయి.

సైదమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. అంత గొప్ప మిషన్ తప్పు చెప్పదు కదా. మరి తప్పింది తన పన్నా, మిషనా? ఎప్పుడో బయటపడి బోర్డు కథలాగా అవడం కంటే, ఇప్పుడే ఒప్పుకుని కాళ్ళు పట్టుకోవడం నయమనుకుంది. మూడింటికి బృందం వెళ్ళిపోయాక ఉపేందర్ సార్ గదికి వెళ్ళింది.

"సార్, ఒక మాట చెప్పాలె. తిడితే తిట్టుండ్రి గని నౌకరి మాత్రం తీయకుండ్రి."

"ఏమైంది?"

"ఆ ఐదు కవర్లల్ల ఉన్నయి ఒకటే వడ్లు సార్. ఒకటే ట్రాక్టర్ల నుంచి తీసి నేనే నింపిన."

ఉపేందర్ సార్ లేచాడు. వెళ్ళి తలుపు మూశాడు. కుర్చీ లాగి, "కూసోండమ్మా" అన్నాడు. ఆ కాలేజీలో సార్లు కుర్చీ వేసి మర్యాద చేసేది పిల్లల్ని ఇంటికి పంపేసేటప్పుడు, వాళ్ళ అమ్మానాన్నలకే. ఇక అయిపోయిందనుకుని సైదమ్మ అంచు మీద కూర్చుంది.

"ఇంకెవరికన్న తెలుసా?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"హరిలాల్‌కు ఎరుకే సార్."

"హరిలాల్‌కా!" ఆయన తల పట్టుకున్నాడు. "చూడమ్మా, మిషన్ మంచిదే. బహుమతి నిజంగానే వచ్చింది. నిన్న సాయంత్రం నేనే సరిచూస్తుంటే లోపలి సెన్సర్ కాలిపోయింది. కొత్తది హైదరాబాద్ నుంచి వచ్చేసరికి నాలుగు రోజులు. జ్యోత్స్నకు తెలిస్తే అందరి ముందట ఏడుస్తదని చెప్పలే. మీట నొక్కినప్పుడల్లా వరుసగా ఆ ఐదు అంకెలే వచ్చేటట్టు పెట్టిన. ఈ ఒక్క రోజుకే, ఒట్టు."

సైదమ్మ ఆయన వంక చూస్తూ ఉండిపోయింది. తాను పొద్దటి నుంచి ఎవరికి భయపడుతోందో, ఆయనే ఇప్పుడు తనకు భయపడుతున్నాడని తెలియడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

ఆ చూపును ఆయన ఇంకోలా అర్థం చేసుకున్నాడు. "మీకేం గావాలెనో చెప్పండి. నాతోని అయ్యేదైతే చేస్త."

"నాకేం గావాలె సార్? జూన్ల లిస్టుల నా పేరుంటే చాలు."

ఉపేందర్ సార్ అప్పటికప్పుడు సోమయ్యకు ఫోన్ చేసి, ఆ జాబితా తన గదికే తెప్పించుకున్నాడు. సైదమ్మ పేరు తానే రాసి, మూడేళ్ళకు పొడిగించాలని సిఫారసు చేశాడు. కారణం రాయవలసిన గడిలో ముందు 'అవసరానికి మించి మాట్లాడదు' అని రాసి, ఒకసారి చదువుకుని, కొట్టేసి, 'పని శుభ్రం' అని రాశాడు.