దుర్గయ్య ఇంట్లో నో పార్కింగ్ బోర్డు

భూమ్మీద ప్రతి వస్తువూ ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుందన్నది ప్రకృతి నియమం. ఎక్కడా ఆగి ఉండకూడదన్నది మా నగర నిలుపుదల నియంత్రణ విభాగం నియమం. ఈ రెండింటికీ మధ్య ఏళ్ల తరబడి నడుస్తున్న తగాదాలో ప్రకృతి ఇంతవరకూ ఒక్కసారి కూడా గెలవలేదు. మొన్న అప్పీలుకు వెళ్లిందని విన్నాను. టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారట.

నాకు ఈ విభాగం అంటే అపారమైన గౌరవం. నేను లాల్‌దర్వాజాలో పుట్టి పెరిగినవాణ్ణి. మా గల్లీలో ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి వెనక్కి పోవాలి. ఏది పోవాలన్నది తేలేలోపు రెండింట్లోని జనమూ దిగి నడిచి ఇళ్లకు చేరి అన్నాలు తినేస్తారు. ఇలాంటి గల్లీలో క్రమశిక్షణ నాటాలని ఎవరికైనా తోచడమే గొప్ప విషయం.

ఆరేళ్ల కింద విభాగం వారు గల్లీ మొదట్లో, కరెంటు స్తంభానికి ఒక కెమెరా, దాని కింద చక్రాల స్టాండు మీద ఒక నో పార్కింగ్ బోర్డు పెట్టారు. మూడో రోజుకు బోర్డు లేదు. రెండోది తెచ్చారు. అది వారం తిరక్కుండా మిర్చి బజ్జీల బండికి ఎండ తగలకుండా అడ్డంగా నిలబడి కనిపించింది. మూడోది పావురాల గూటికి తలుపైంది (ఆ గూటి ముందు మాత్రం నాటి నుంచి నేటి దాకా ఎవరూ బండి ఆపలేదు. విభాగం విజయాల్లో దీన్ని కూడా కలుపుకోవాలి). నాలుగో బోర్డు కూడా పోతే జీతంలో కోత పడుతుందని చెప్పడంతో పార్కింగ్ గార్డు బాలకిషన్ భయపడి గల్లీ మొదటి ఇంటి గేటు కొట్టాడు.

"అమ్మా, గీ బోర్డు రాత్రిపూట జర మీ ఇంట్ల పెట్టుకోరాదు? పొద్దుగాల తొమ్మిదింటికొచ్చి తీస్కపోత."

గేటు తీసింది సుందరమ్మ. మా పాతబస్తీలో పక్కింటి పెళ్లి కుర్చీలు, బోనాల పందిరి గుంజలు, ఊరెళ్లినవాళ్ల తాళం చెవుల గుత్తి, ఏది పెట్టుకోమన్నా కాదనే అలవాటు ఎవరికీ లేదు.

"పెట్టు బిడ్డా, దాండ్లేముంది. ఆ స్కూటర్‌కు ఆనిచ్చిపో" అంది.

అలా ఆరేళ్లుగా సర్కారు వారి నిషేధం రోజూ రాత్రి తొమ్మిదికి ఆ గేటు లోపలికి వచ్చి, స్కూటర్‌కు ఒరిగి పడుకుని, పొద్దున తొమ్మిదికి డ్యూటీకి వెళ్తోంది. దసరాకు సుందరమ్మ స్కూటర్‌తో పాటు దానికీ బొట్టు పెట్టేది.

ఆ స్కూటర్ ఆమె భర్త దుర్గయ్యది. కంచన్‌బాగ్ వైపు ఒక కర్మాగారంలో డ్రైవరు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆఫీసు బండి మీద గానీ సొంత బండి మీద గానీ ఒక్క చలానా లేదు. ఎర్ర లైటు పడితే, రోడ్డు మీద పిల్లి కూడా లేకపోయినా, ఆగి ఇంజను ఆర్పేసే మనిషి. ఇందుకు చాలామంది వెనక నుంచి హారన్ కొట్టి ఆయన్ను అభినందించేవారు.

ఆ కర్మాగారంలో ఒక ఆనవాయితీ ఉంది. సర్వీసు మొత్తంలో చలానా మచ్చ పడని డ్రైవరు రిటైరయ్యే రోజున, అతన్నీ భార్యనూ జనరల్ మేనేజర్ తన కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి, తానే స్టీరింగ్ పట్టి ఇంటి దాకా దిగబెడతాడు. దుర్గయ్య చేరాక ఆ మర్యాద దక్కింది ఇద్దరికే. సుందరమ్మ ఆ రోజు కోసం ఆకుపచ్చ పట్టుచీర ఒకటి నాలుగేళ్ల కిందే కొని దాచింది. దుర్గయ్య అయితే వెనక సీట్లో ఎలా కూర్చోవాలో తెలియదని మా ఇంటి సోఫాలో ఒకటి రెండు సార్లు కూర్చుని చూశాడు. నవ్వుకున్నాను గానీ, నాకు ఆ మనిషి అంటే ఇష్టం.

ఇంకా పంతొమ్మిది రోజుల సర్వీసు ఉందనగా విభాగం వారికి ఒక శుభ ఆలోచన వచ్చింది. బోర్డులు క్షేమంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి, ప్రతి గార్డూ పొద్దున ఏడు లోపల తన బోర్డు ఫోటో తీసి యాప్‌లో పెట్టాలని ఆజ్ఞ. బాలకిషన్ ఆరూ నలభైకి వచ్చాడు. సుందరమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు. గేటు లోపల స్కూటర్‌కు ఒరిగి నిద్రపోతున్న బోర్డును ఫోటో తీశాడు. యాప్‌కు బోర్డూ కనిపించింది, బండీ కనిపించింది. ఈ రెండూ ఒకే ఫోటోలో ఉంటే ఏం చేయాలో దానికి ముందే నేర్పి ఉంచారు. బాలకిషన్ గ్లాసు కింద పెట్టేలోపు దుర్గయ్య ఫోన్ మోగింది, చలానా పడిందని.

"నీ తోడు కాకా, నేను బోర్డు ఫోటో తీసిన. బండి ఫోటో తీయలే" అన్నాడు బాలకిషన్. పాపం, ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆన్‌లైన్‌లో అభ్యంతరం చెప్పుకునే సౌకర్యం ఉంది. (సౌకర్యం లేదని ఎవరూ అనలేరు. అంటే దాని మీద అభ్యంతరం చెప్పుకోవడానికి ఇంకో సౌకర్యం ఉంది.) 'మీరు వాహనాన్ని అక్కడ ఎందుకు నిలిపారు?' అని అడిగి, నాలుగు జవాబులు ఇచ్చారు. అత్యవసరం, తెలియక, నిర్లక్ష్యం, ఇతరం. 'నిలపలేదు' అన్న జవాబు అందులో లేదు. దుర్గయ్య 'ఇతరం' నొక్కి, 'బండి మా ఇంట్లనే ఉన్నది సార్' అని రాశాడు. నాలుగు సెకన్లలో జవాబు వచ్చింది. 'మీ అభ్యంతరాన్ని అన్ని కోణాల నుంచీ క్షుణ్ణంగా పరిశీలించి తిరస్కరించడమైనది.'

కట్టేయమని గల్లీ అంతా చెప్పింది. అదేమంత పెద్ద మొత్తం కాదు.

"పైసల ముచ్చట కాదు" అన్నాడు దుర్గయ్య నా దగ్గరికొచ్చి. "కడితే తప్పు జేసినట్టే గదా. నేను జెయ్యలే. పంతులూ, మీరే జర అర్జీ రాసియ్యాలె. బోర్డు మా ఇంట్ల ఉన్నదని రాస్తే చాలు, ఇంకేం వద్దు."

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. దేవాదాయ శాఖలో ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టిన నాకు, అర్జీ రాయడంలో చేయి తిరిగిందని పేరు. ఆ పేరు తెచ్చుకున్నవాడు అడిగినంతే రాసి ఊరుకుంటాడా? మూడు పేరాల్లో విషయం ముగిసిపోయింది. అయినా కలం ఆగక, నాలుగో పేరాలో ఇలా రాశాను. 'సదరు బోర్డు ప్రతిరోజూ ఉదయం తొమ్మిది వరకు అర్జీదారుని గృహంలోనే ఉన్నందున, ఆ వేళల్లో ఈ గల్లీలో నిషేధమే లేదని, కెమెరా రాసిన చలానాలన్నీ చెల్లవని ఏలినవారు గ్రహించగలరు.' రాశాక రెండుసార్లు పైకి చదువుకుని, మీసం మీద చేయి వేసుకున్నాను.

ఏలినవారు గ్రహించారు.

విన్నపాల పరిశీలనాధికారి వైకుంఠం గారి కార్యాలయం అఫ్జల్‌గంజ్‌లో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంది. (కింద బండి పెట్టుకునే చోటు లేదు. మేము బస్సులో వెళ్లాం.) వైకుంఠం గారు చాలా మంచివారు. మమ్మల్ని కూర్చోబెట్టి, ఇరానీ చాయ్ తెప్పించి, అర్జీ మొత్తం చదివి, నాలుగో పేరా దగ్గర ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"దుర్గయ్య గారూ, మీ మాట నేను నూటికి నూరు పాళ్లు నమ్ముతున్న" అన్నారు.

దుర్గయ్య రెండు చేతులూ జోడించాడు.

"అదే పరేశాన్ అయితుంది" అన్నారు వైకుంఠం గారు. "బోర్డు మీ ఇంట్ల ఉన్నదంటే, రోడ్డు మీద లేనట్టు. రోడ్డు మీద లేకపోతే ఆరేండ్ల సంది పొద్దుగాల కెమెరా రాసిన రెండువేల మూడొందల పదహారు చలానాలు రద్దయినట్టు. గట్లయితే డిపార్ట్‌మెంట్ ఉంటదా? ఉండది. డిపార్ట్‌మెంట్ ఉన్నది గద, మీరు నా ముంగట కూసున్నరు. కాబట్టి బోర్డు రోడ్డు మీదనే ఉన్నది."

"లేదు సార్. మా ఇంట్లనే..."

"కాదంటలేను. ఫోటోల బోర్డు పక్కకే మీ నీళ్ల డ్రమ్ము ఉన్నది, మీ గేటున్నది, మీ తలుపున్నది. బోర్డు రోడ్డు మీద ఉన్నదని ఇప్పుడే తేలె. అంటే డ్రమ్ము, గేటు, తలుపు గూడ రోడ్డు మీదనే ఉన్నయి."

"మరి ఇల్లు సార్?"

వైకుంఠం గారు నిజంగానే బాధపడ్డారు. "ఇల్లు గూడ, అన్నా" అన్నారు.

నేను అభ్యంతరం చెప్పాను. స్థలాన్ని స్వయంగా చూడమని కోరాను. ఆయన కాదనలేదు. మర్నాడే పొద్దున ఎనిమిదింటికి, బోర్డు ఇంకా గేటు లోపలే ఉండగా, టేపు పట్టుకుని వచ్చి, జీపును గల్లీ మధ్యలో అడ్డంగా నిలిపి (అది నిలపడం కాదు, తనిఖీ), బోర్డుకూ ఇంటి తలుపుకూ మధ్య దూరం కొలిచారు. అయిదడుగుల రెండంగుళాలు. 'నో పార్కింగ్ బోర్డుకు పదడుగుల లోపల ఉన్న స్థలమంతా నిషేధిత రహదారి' అని నియమావళి ఏడో ప్రకరణం చెబుతోంది. సుందరమ్మ ఆయనకు మంచినీళ్లిచ్చింది. ఆయన థాంక్స్ చెప్పి, గ్లాసును కూడా రహదారి మీద దొరికిన వస్తువుల్లో రాసుకున్నారు.

మూడో రోజు నోటీసు వచ్చింది. అంత శ్రద్ధగా రాసిన నోటీసు నా సర్వీసులో చూడలేదు. 'రహదారిపై అనుమతి లేకుండా నలభై ఒక్క సంవత్సరాలుగా నిలిపి ఉంచిన రెండు గదుల ఇల్లు ఒకటి (పాతది, రంగు నీలం). సదరు ఇంటిని పదిహేను రోజుల్లో యజమాని స్వయంగా తీసివేయవలెను. లేనిచో విభాగమే క్రేనుతో లాగించును. లాగుడు ఖర్చు యజమానిది.'

ఆ ఇల్లు దుర్గయ్య తండ్రి కట్టింది. రాళ్లు మోసి, రాత్రి కాపలా పని చేసి కట్టింది. దుర్గయ్య నోటీసును మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నా మొహం చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆ నాలుగో పేరా నాది. అది తీసేయడానికి ఏ ఫారమూ లేదని నేను కనుక్కున్నాను.

మళ్లీ అఫ్జల్‌గంజ్ వెళ్లాం. ఈసారి సుందరమ్మ కూడా వచ్చింది. వైకుంఠం గారు మా కోసం ఒక దారి వెతికి ఉంచారు. రాత్రంతా ఆలోచించారట.

"గీ స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టుర్రి. ఆ పొద్దు మీరు స్కూటర్‌ను గేటు బయట, రోడ్డు మీద, బోర్డు పక్కన పెట్టినట్టు. అప్పుడు బోర్డు రోడ్డు మీద ఉంటది, బండి రోడ్డు మీద ఉంటది, ఇల్లు ఇంటి జాగల ఉంటది. అందరూ ఎక్కడోళ్లు అక్కడ ఉంటరు. నోటీసు గీడనే చింపేస్త."

"నేను పెట్టలే సార్" అన్నాడు దుర్గయ్య.

"నాకు తెల్వదా?"

"ముప్పై నాలుగేండ్లు సార్. ఇంకా ఎనిమిది రోజులే ఉన్నయి."

వైకుంఠం గారు బల్ల మీది పేపర్‌వెయిట్‌ను కొంచెం జరిపారు. నోటీసు బల్ల మీదే ఉంది.

"కింద ఒక్క లైను రాసుకుంట సార్. 'నిజంగ నేను పెట్టలే' అని."

"అండ్ల జాగ లేదు దుర్గయ్య గారూ."

సుందరమ్మ మొగుడి భుజం మీద చేయి వేసింది. "పెట్టవయ్యా సంతకం" అంది. "కారెక్కకుంటె సచ్చిపోతమా? ఇల్లు ఉండాలె గద." అంటూనే కొంగుతో కళ్లొత్తుకుంది. దుర్గయ్య కలం అందుకున్నాడు. జీతం రిజిస్టరులో పెట్టినట్టే, పూర్తి పేరుతో, వంకర లేకుండా, నిదానంగా పెట్టాడు.

నెలాఖరున కర్మాగారంలో సభ జరిగింది. పూలదండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. జనరల్ మేనేజర్ దుర్గయ్య చేయి పట్టుకుని, "ఆఖర్ల గిట్లెందుకు చేసినవ్ దుర్గయ్యా?" అని నొచ్చుకున్నాడు. చేయలేదని చెప్పడానికి లేదు. సంతకం పెట్టి ఉంది. భార్యాభర్తలిద్దరూ గడియారం పట్టుకుని సిటీ బస్సులో ఇల్లు చేరారు. సుందరమ్మ ఆ ఆకుపచ్చ చీరే కట్టుకుంది. బస్సులో సీటు దొరకలేదు.

వైకుంఠం గారు మాట తప్పలేదు. నోటీసు మా కళ్ల ముందే చింపి, చలానా కట్టించుకుని, రసీదు ఇచ్చి పంపారు. ముప్పై నాలుగేళ్లలో దుర్గయ్య ఆడిన మొదటి అబద్ధానికి వచ్చిన రసీదు అది. దాని మీద ఎర్ర సిరాతో ముద్ర కొట్టి ఉంది: 'నిజం ఒప్పుకున్నందుకు సగం మాఫీ.'