బొట్టు పెట్టిన మంచుకొండ

ఫోటో స్టూడియో గోడకు కట్టుకోవడానికి పెచ్చెట్టి నూకరాజు ఆన్‌లైన్‌లో మంచుకొండ బొమ్మ ఉన్న తెర ఆర్డరిస్తే, తెరకు బదులు మంచుకొండ వచ్చింది. అతను అడిగింది ఎనిమిదడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు గుడ్డ. అమ్మకందారుది ఎక్కడో సముద్రాల అవతలి దేశం. 'వస్తువు చిత్రంలో చూపినట్టే ఉంటుంది' అని బొమ్మ కింద రాసి ఉంది. బొమ్మలో ఉన్నది కొండ. కాబట్టి అమ్మకందారు మాట తప్పాడని ఎవరూ అనలేరు.

కొత్తలంకపాలెం గోదావరి పాయల మధ్య చాప పరిచినట్టుండే ఊరు. అక్కడి జనం తలెత్తి చూడాల్సినవి రెండే, నీళ్ల ట్యాంకు, సెల్ టవరు. పార్శిల్ మాత్రం మామూలుగానే వచ్చింది. గాలి తీసేసి చుట్టిన ఫోమ్ పరుపులా ఉంది. తెచ్చినాయన ఓటీపీ అడిగాడు, నూకరాజు చెప్పాడు. ఓటీపీ చెప్పిన క్షణం నుంచి వస్తువు సవ్యంగా అందినట్టు లెక్క.

అట్ట విప్పగానే నూకరాజు భార్య సత్యవేణి కుంకుమ భరిణె తెచ్చింది. ఆ ఇంట్లో స్కూటరుకు, ఫ్రిజ్‌కు, మిక్సీకి, కెమెరాకు, చివరికి రింగు లైటుకు కూడా బొట్టు ఉంది. కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా వాడేంత తొందర మన ఇళ్లల్లో ఎవరికీ ఉండదు. చుట్ట పైకొసన ఆవిడ వేలితో ఒక బొట్టు పెట్టింది. లోపల దొరికిన కాగితంలో 'అసలు ఆకారం రావడానికి డెబ్బై రెండు గంటలు ఆరుబయట ఉంచండి' అని ఉంటే, నూకరాజు ఆ చుట్టను తీసుకెళ్లి స్టూడియో వెనక ఖాళీ స్థలంలో నిలబెట్టాడు.

మొదటి రోజు అది గ్యాస్ బండంత అయింది. రెండో రోజు కొబ్బరిచెట్లను దాటింది. మూడో రోజు పొద్దున మొదలు మాత్రమే కనబడింది, మిగతాదంతా మబ్బుల్లో ఉంది. తొమ్మిదింటికి మబ్బు విడింది. అంత ఎత్తున, అంత తెల్లగా, ఎవరినీ పట్టించుకోకుండా అది నిలబడి ఉంది. శిఖరం మీద బొట్టు కూడా పెరిగింది. సుమారు ఎకరం ఉంటుందని తర్వాత అంచనా వేశారు.

వీధి వీధంతా నోట్లో బ్రష్షులతో అలాగే నిలబడిపోయింది. పక్కింటి డాబా మీద అప్పడాలు పెట్టి అమ్ముకునే మాణిక్యాంబ మాట్లాడకుండా ఉండగా ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆవిడ మెట్టు మీద కూలబడి చాలాసేపటికి నోరు తెరిచింది.

"ఇంత తెలుపు ఉంటాదా అండీ లోకంలో?"

నూకరాజుకు ముందు భయం వేసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఇరవై ఆరేళ్లుగా గుడ్డ మీద వేసిన కొండల ముందు జనాన్ని నిలబెట్టి నవ్వమన్నందుకు సిగ్గేసింది కూడా.

సర్వేయరు వచ్చి గొలుసు వేశాడు. ఎన్నిసార్లు కొలిచినా కొండ నూకరాజు రెండున్నర సెంట్లలోనే ఉంది. పైకి వెళ్లి ఎంత వెడల్పయినా తమ శాఖకు నేలతోనే పని అని రాసిచ్చి వెళ్లాడు. మర్నాడు విదేశీ వస్తు బాధ్యతల విభాగం నుంచి తురగా కామేశ్వరి అనే అధికారి వచ్చింది. ఆవిడ కొండను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తర్వాత తేరుకుని ఫారం తీసింది.

"కొండ మీదేనా?"

"ఆర్డరిచ్చింది నేనేనండి. నేనడిగింది గుడ్డండి."

"వచ్చింది తీసుకున్నారు కదా."

"ఓటీపీ చెప్పానండి."

"అయితే మీదే."

ఆవిడ కోపం లేకుండా, డాక్టరు మందులు ఎప్పుడు వేసుకోవాలో చెప్పినట్టు చెప్పింది. అమ్మినవాడు మన దేశంలో లేడు, కాబట్టి చట్టానికి కనబడడు. యాప్ వాళ్లు ఇద్దరినీ కలిపారంతే. కొరియర్ వాళ్లు మోశారంతే. మిగిలింది కొన్నవాడు. బయటి దేశం నుంచి తెప్పించుకున్నవాడు దిగుమతిదారు అవుతాడు, తయారుచేసినవాడు దొరకనప్పుడు దిగుమతిదారే తయారీదారు.

"అంటే కొండని నేను చేసినట్టాండీ?" అన్నాడు నూకరాజు.

"రికార్డు ప్రకారం అంతే. ఏ సంవత్సరంలో చేశారో తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. వాపసు గడువు ముప్పై రోజులు. పంపేసేదైతే ఆలోగా పంపేయండి. తర్వాత ఇది ఎప్పటికీ మీదే."

"ఆయ్, అలాగేనండి."

నిబంధన ప్రకారం కొండ మొదట్లో బోర్డు పెట్టారు. 'తయారీదారు: పెచ్చెట్టి నూకరాజు. మూడేళ్ల లోపు పిల్లలకు తగదు. ఫిర్యాదులకు ఈ నంబరుకు ఫోన్ చేయండి.' ఫోన్లు వచ్చాయి. కొండకు ఆనుకున్న మబ్బు కదలడం లేదని ఒకరు, చెరువులో రొయ్యలకు చలేస్తోందని ఒకరు. మాణిక్యాంబ పిట్టగోడ మీంచి పిలిచినా వినబడుతుంది, అయినా పద్ధతి ప్రకారం ఫోనే చేసింది.

"నూకరాజుగారూ, మీ కొండ నీడలో నా అప్పడాలు ఆరట్లేదండి."

"క్షమించండి మాణిక్యాంబగారూ. నేను చేసేటప్పుడు చూసుకోలేదు," అన్నాడు నూకరాజు. అప్పటికి అతనికి అలా అనడం అలవాటైపోయింది.

వాపసు మాట మాత్రం రోజూ రేపటికి వాయిదా పడింది. సాయంత్రం ఐదున్నరకు కొండ గులాబీ రంగుకు తిరిగేది. ఊరంతా పనులు మానుకుని చూసేది. పేకాట ఆగేది, బేరాలు ఆగేవి, మొగుడూ పెళ్లాల గొడవలు సగంలో ఆగేవి. "ఇంకొక్క రోజు చూసి పంపేద్దావండీ," అనేది సత్యవేణి. మాణిక్యాంబ కూడా ఆరని అప్పడాలు ముందేసుకుని ఇంకొక్క రోజే అనేది. దాన్ని చూశాక పంపేయమనడానికి నోరు రావాలి కదా.

ఇరవై ఆరో రోజున విభాగం నుంచి ఒక కవరు వచ్చింది. తయారీదారు మీద ఫిర్యాదు వస్తే తయారీదారుకే పంపడం రివాజు. దాన్ని తెలుగు చేయించి జతపరిచారు. రాసినావిడ ఏదో లోయలో మేకలు కాసుకునే ముసలావిడ.

'అయ్యా, మా కొండ పోయిన నెల నుంచి కనబడడం లేదు. మొదట మబ్బు పట్టిందనుకున్నాం. ఎవరో వచ్చి ఫోటో తీసుకుని వెళ్లారు, ఆ తర్వాత లేదు. దాని బదులు మాకు ఒక గుడ్డ వచ్చింది. పన్నెండడుగులు ఉంది. రెండు కర్రలు పాతి కట్టాం. బాగానే ఉంది, గాలి వస్తేనే మడత పడుతోంది. మేకలకు ఇంటి దారి తెలియడం లేదు. కొండ నడుం దగ్గర నల్లరాయి ఉంటుంది, దాని కింద నీటిచుక్క రాలుతుంది. మా ఊళ్లో పుట్టిన బిడ్డకు మొదట ఆ చుక్కే పోస్తాం. ఈ నెలలో ఇద్దరు పుట్టారు. ఇంకా పోయలేదు. మీరు తయారుచేసినవారని తెలిసింది. వీలైతే పంపగలరు.'

నూకరాజు ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. సత్యవేణికి చదివి వినిపించాడు. ఆవిడ వాపసు పేజీ తెరిచి ఫోన్ అతని చేతిలో పెట్టింది. గడువు ఇంకా నాలుగు రోజులుంది. కారణం అనే చోట 'వేరేవాళ్లది' అన్న మాట లేకపోవడంతో 'సైజు సరిపోలేదు' నొక్కి, అడిగినట్టే కొండ ఫోటో తీసి పెట్టాడు. జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది.

'వస్తువుపై ఎర్రటి గుర్తు గమనించాం. గుర్తు ఉన్న వస్తువును వాడినట్టుగా పరిగణిస్తాం. గుర్తు లేకుండా ఫోటో పంపగలరు.'

బొట్టు తుడవడానికి నూకరాజు బకెట్టు, పాత తువ్వాలు పట్టుకుని కొండ ఎక్కాడు. రెండు రోజులు ఎక్కాడు. తాటిచెట్లు పుల్లల్లా అయ్యాయి, గోదావరి పాయలు లోటాలోంచి ఒలికిన నీళ్లలా కనబడ్డాయి. నల్లరాయి దగ్గర ఆగిపోయాడు. పైకి ఇంకా అంతే ఎత్తుంది, ఊపిరి అందడం లేదు. రాయి కింద చుక్క రాలింది. ఎక్కడికి వచ్చిపడిందో తెలియకుండానే అది తన పని చేసుకుంటోంది. నూకరాజు అరచెయ్యి పట్టాడు. ఒక్క చుక్కకే చేయి మొత్తం చల్లబడింది. అతను ఆ రాయికి దణ్ణం పెట్టి, తప్పయిందని చెప్పి, మంచినీళ్ల సీసా నిండేదాకా కూర్చుని దిగివచ్చాడు.

సీసాను పార్శిల్ ఆఫీసులో తీసుకోలేదు. విదేశాలకు ద్రవాలు పంపకూడదు. ముప్పయ్యో రోజు గడిచింది. మర్నాడు అమ్మకందారు నుంచి సందేశం వచ్చింది. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ సొమ్ము తిరిగి ఇచ్చేశాం. వస్తువును మీరే ఉంచుకోండి.'

నూకరాజు ఆ ముసలావిడకు ఉత్తరం రాశాడు. కొండ క్షేమమని, చుక్క రాలుతోందని, బొట్టు విషయంలో పొరపాటు తనదేనని రాసి, ఒక ఫోటో జతచేశాడు. నెల తిరక్కుండా జవాబు వచ్చింది.

'మీ ఫోటో అందింది. మా కొండకు ఇప్పుడు ఎర్రటి గుర్తు ఉందని తెలిసి మేమూ గుడ్డ మీద ఎర్రరంగు పెట్టాం. ఇప్పుడు సరిగ్గా అలాగే ఉంది. గుడ్డ మూల నీళ్లలో ముంచి ఇద్దరు బిడ్డల నోట్లో పిండాం. ఏడవలేదు. ఇక మీరు శ్రమ పడనక్కర్లేదు.'

ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని నూకరాజు ఇంట్లోకి చూశాడు. ఫ్రిజ్ మీద బొట్టు, మిక్సీ మీద బొట్టు, రింగు లైటు మీద బొట్టు. ఇవన్నీ వచ్చిన చోట్ల వీటికి బదులుగా ఎవరెవరు ఏ గుడ్డలు కర్రలకు కట్టుకున్నారో అన్న ఆలోచన వచ్చింది.

అప్పుడే వీధి గుమ్మంలో పిలుపు వినబడింది. సత్యవేణి వారం కిందట ఆర్డరిచ్చిన కాలింగ్ బెల్లు వచ్చింది. నొక్కితే అడవిలో నలభై రకాల పిట్టలు కూస్తాయని, చిత్రంలో చూపినట్టే ఉంటుందని రాశారు. చిత్రంలో తెల్లవారుతున్న అడవి ఉంది. పెట్టె చిన్నది. నూకరాజు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల ఏదో ఒకసారి కదిలి సర్దుకుంది.

"ఓటీపీ చెప్పండి సార్," అన్నాడు పార్శిల్ తెచ్చినాయన.

సత్యవేణి కుంకుమ భరిణె కోసం లోపలికి వెళ్లింది. నూకరాజు కొండ వైపు ఒకసారి చూసి, ఫోన్ తీసి, నాలుగంకెలూ చదివాడు.