దుప్పటి కింద సంతకాలు

ఆ ఉదయం జయతీర్థ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఎమ్మిగనూరు సంత పక్కనున్న చేనేత హాల్లో రెండు శాలువలు, రెండు సంతకాలు, ఒక కాఫీ. సాయంత్రం ఆదోనిలో ఢిల్లీ రైలు. దేశాన్ని బాగుచేయడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టదని ఆయన నమ్మకం.

ఆయనకు ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు ఉంది, వ్యాపారుల సంఘం అధ్యక్ష పదవీ ఉంది. రెండేళ్లుగా కౌతాళం రైతులు నకిలీ విత్తనాలు వేసి, కాయ పట్టని పత్తి చేలను చూసి ఏడుస్తున్నారు. మిల్లు సగం రోజులు మూతే. విత్తనాల బిల్లేమో పార్లమెంటులో ఇరుపక్షాల కేకల మధ్య ప్రతిసారీ వాయిదా పడుతోంది. "వానకు బడి మూస్తే మేము ఆదివారం నడపడంల్యా? వాళ్లకేం రోగం?" అని టీచరైన భార్య లక్ష్మీబాయి విసుక్కుంది. ఆ విసుగే వినతిపత్రమైంది. సభ వాయిదా వేసిన పనంతా ఆదివారాలు కూర్చుని పూర్తిచేయాలి! ఊరి పెద్దలంతా సంతకాలు చేశారు. దాన్ని ఢిల్లీలో ముందుకు నడిపిస్తానన్న ఎంపీ ఒకే షరతు పెట్టాడు. అధికార పక్షం నుంచి ఈరేష్, ప్రతిపక్షం నుంచి విజయ్, ఈ ఇద్దరు స్థానిక నాయకుల సంతకాలూ ఉండాలి. వాళ్లిద్దరూ ఆరేళ్లుగా ఒకే పెళ్లి పంక్తిలో కూర్చున్నవాళ్లు కారు.

అయినా వచ్చారు. చిక్కు శాలువల దగ్గర మొదలైంది. రెండూ ఒకేలా ఉండాలని జయతీర్థ నేతగత్తె తిప్పమ్మకు మరీ మరీ చెప్పాడు. కానీ ఒకదానికి అంచు నాలుగు వేళ్ల వెడల్పు వచ్చింది, రెండోదానికి ఆరు.

"నాకేమప్పా సన్నంచు? వానికి పెద్దంచు యాల?" అని ఈరేష్ లేచాడు. జయతీర్థ కంగారుగా శాలువలు మార్చాడు. ఈసారి విజయ్ లేచాడు. "ఆయప్ప ఇడిసిపెట్టింది నాకు కప్పుతావా అన్నా?"

జయతీర్థ కత్తెర తెప్పించి అంచులు సమం చేయబోయాడు. తొందరలో సన్నంచుదాన్నే కత్తిరించాడు. అనుచరులు కుర్చీలు ఎత్తారు. గోల విని సంతలో ఎద్దుల బేరాలు వదిలేసి జనం హాల్లోకి విరగబడ్డారు. "ముందు వాడు సంతకం పెట్టనీ, ఆమీద నేను సూస్తా!" అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఆ రోజు వాళ్లు ఏకీభవించింది ఆ ఒక్క మాటలోనే. ముందు సంతకం పెట్టినవాడు ఓడినట్టు లెక్క కదా! జయతీర్థ గడియారం చూసుకున్నాడు. రైలూ పోతుంది, బిల్లూ పోతుంది, పరువూ పోతుంది. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు తిప్పమ్మ మగ్గం మీంచి దించిన జంట దుప్పటి తెచ్చింది. "ఇద్దరికీ ఇదొకటే కప్పుతా. ఎవడు కొలుస్తాడో కొలవండి!" అని ఇద్దరి భుజాల మీదా ఒకేసారి వేసేసింది. పెద్దావిడను తోసెయ్యడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు. దుప్పటి లోపల మాత్రం ఈరేష్ విజయ్ చెయ్యి తోశాడు, విజయ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

బయటినుంచి చూసేవాళ్లకు కనిపించింది ఒకటే. గుడ్డ కింద చేతులు కదులుతున్నాయి! సంత జనం గప్‌చుప్ అయిపోయారు. "బేరం నడుస్తాంది, మాట్లాడాకండి!" అన్నాడొకడు.

వినతిపత్రంలో మొదటి సంతకం పెట్టిన పెద్దమనిషి, చోటే సాబ్, అక్కడే ఉన్నాడు. ఎద్దుల సంతలో నలభై ఏళ్లుగా దళారీ. ధర పైకి చెప్పకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టి తేల్చడం ఆయన వృత్తి. గుడ్డ కింద చేతులు కదిలితే ఆయన చెయ్యి ఊరుకోదు. అలవాటుగా దుప్పట్లోకి దూరింది, రెండు చేతులనూ కలిపి బిగించింది. "ఖరారు!" అని ఆయన నోరు తనంతట తానే అరిచేసింది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఈరేష్, విజయ్ మొహాలు పాలిపోయాయి. దళారీ ఖరారు చేశాక వెనక్కి తగ్గినవాడికి ఆ సంతలో మళ్లీ ఎవరూ ఎద్దును చూపించరు. ఇద్దరూ జాతరలో బండలాగే ఎద్దుల కోసం ప్రాణమిచ్చే మనుషులు.

"సరేలే సాబ్, సంతకం ముందు ఎవురు పెట్టాల?" అని ఈరేష్ నీరసంగా అడిగాడు.

"అరె భాయ్, ధర ఎవురు ముందు సెప్పినారని సంతలో ఎవురన్నా అడుగుతారా? జయతీర్థన్నా, కాగితం, అట్ట, రెండు పెన్నులు లోపలికియ్యి!"

దుప్పటి రెండు నిమిషాలు గింజుకుంది. కాగితం బయటికొచ్చేసరికి రెండు సంతకాలు పక్కపక్కనే ఉన్నాయి. ఏది ముందో దుప్పటికే తెలియాలి. జనం జయతీర్థను భుజాలకెత్తుకున్నారు. ఆయన కళ్లు తుడుచుకున్నది శాలువ ముక్కతో.

సాయంత్రం రైలు ఎక్కించడానికి ఎమ్మిగనూరు నుంచి రెండు జీపులు ఆదోనికి వచ్చాయి. ఒకదాంట్లో ఈరేష్, విజయ్ పక్కపక్కనే కూర్చుని ఎద్దుల గురించి కొట్లాడుకుంటున్నారు. రైలు కిటికీ దగ్గర నిలబడి తిప్పమ్మ అడిగింది. "ఢిల్లీ సభకు దుప్పట్లు ఎన్ని కావాల్నప్పా?"

"ఐదు వందల నలభై మూడు మంది. ఇద్దరికొకటి చొప్పున రెండు వందల డెబ్బై ఒకటి. అయినా ఒకడు మిగుల్తాడు కదా సాబ్?" అన్నాడు జయతీర్థ.

"మిగిలినోడు స్పీకరప్పా, ఆయప్ప దళారీ," అన్నాడు చోటే సాబ్.

తిప్పమ్మ మర్నాడే మగ్గానికి నూలు ఎక్కించింది, అంచు లేకుండా.