ఒక స్టిక్కరు, ఇద్దరల్లుళ్ళు

సోమవారం పొద్దున పెద్దల్లుడి ఆలోచన చాలా చిన్నది. కారు తుడుచుకుని, రోడ్డు మీద రద్దీ మొదలుకాకముందే బ్యాంకుకు చేరుకోవాలి, అంతే. బకెట్టూ పాతగుడ్డా పట్టుకుని కిందికి దిగాడు. అపార్టుమెంటులో అతని కారుకు దొరికిన చోటు ఆఖరి స్తంభం పక్కన, నీళ్ళ పైపు కారే మూలలో ఉంది. తెల్లవారేసరికి కారు నెత్తిన సున్నపు చారలు పడి ఉంటాయి. అవి గట్టిపడితే గోరుతో గీకినా పోవు.

అతను నడుం వంచి చారలు తుడుస్తుండగా లిఫ్టు తలుపు తెరుచుకుంది. అందులోంచి తోడల్లుడు దిగాడు. చేతుల్లేని బనీను, భుజాన సంచీ. లిఫ్టుకు ఎదురుగా, నేల మీద నీలం గీతల మధ్య, చక్రాల కుర్చీ బొమ్మ మీద అతని కారు పొడిగా, శుభ్రంగా, పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ముందు అద్దానికి నీలం స్టిక్కరు. చిన్నల్లుడు పెద్దల్లుణ్ణి చూసి చెయ్యి ఊపి, కారెక్కి వెళ్ళిపోయాడు.

పెద్దల్లుడు గుడ్డ అక్కడే పడేసి పైకి వచ్చాడు.

"జిమ్‌కి వెళ్ళాడు," అన్నాడు భార్యతో. "వికలాంగుల స్టిక్కరు అంటించుకుని, బరువులెత్తడానికి వెళ్ళాడు మీ చెల్లెలి మొగుడు."

"వెళ్తే వెళ్ళనీండి. మీ కాఫీ చల్లారిపోతోంది."

"దేనికైనా రాసిపెట్టుండాలి. లిఫ్టు ఎదురుగా చోటంటే మాటలా."

"అంత ముచ్చటగా ఉంటే మీరూ ఒక కాలు తీయించుకోండి," అంది ఆమె, గ్లాసు అతని చేతికిచ్చి.

అక్కచెల్లెళ్ళు ఒకచోట ఉంటే బాగుంటుందని రెండు కుటుంబాలూ ఒకే అపార్టుమెంటులో కొనుక్కున్నాయి. పెద్దమ్మాయి మూడో అంతస్తు, చిన్నమ్మాయి మొదటి అంతస్తు. భర్తలకు కూడా బాగుంటుందా అని అప్పట్లో ఎవరూ అడగలేదు. వాళ్ళ నాన్న రిటైరైన బస్సు కండక్టరు. చక్కెర జబ్బు ముదిరి, మోకాలి కింద కుడికాలు తీసేశారు. ఆయన్ని ఎవరు ఉంచుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పెద్దల్లుడు చాలా బాగా మాట్లాడాడు. మూడో అంతస్తు అన్నాడు, లిఫ్టు చెడిపోతే ఎలా అన్నాడు, మనకెంత కష్టమైనా ఫరవాలేదు ఆయన సుఖం ముఖ్యమన్నాడు. చిన్నల్లుడికి అలాంటి వాదనేదీ తట్టేలోపే మామగారి పెట్టె మొదటి అంతస్తులో దిగింది.

మామగారి వెనకాలే నీలం గీతల చోటు కూడా వస్తుందని పెద్దల్లుడికి అప్పుడు తెలియదు. అసోసియేషన్ వాళ్ళు లిఫ్టు ఎదుటి చోటును చిన్నల్లుడికి ఇచ్చారు. రవాణా ఆఫీసు స్టిక్కరిచ్చింది. ఆ స్టిక్కరుంటే షాపింగు కాంప్లెక్సులో గుమ్మం ముందే చోటు, సినిమా హాల్లో గేటు పక్కనే చోటు. అది ఊరంతా తిరిగొచ్చేది. ఎవరి పేరున వచ్చిందో ఆయన మాత్రం బాల్కనీలో కూర్చుని, ఎదుటి స్టాపులో ఆగే బస్సుల్లోకి ఎందరు ఎక్కుతున్నారో చూస్తూ ఉండేవారు.

మామ కాలు, అల్లుడి దర్జా. పెద్దల్లుడికి బ్యాంకులో ఆ రోజంతా ఇదే ఆలోచన. సాయంత్రం తిన్నగా మొదటి అంతస్తుకు వెళ్ళి, మామగారి ఎదుట కూర్చుని, పెద్దకూతురు ఉండగా ఆయన చిన్నకూతురింట్లో ఉండటం తనకు తలవంపుగా ఉందన్నాడు. ఇవాళే పైకి వచ్చేయమన్నాడు. చిన్నల్లుడు లోపలి గదిలోంచి కంగారుగా వచ్చాడు.

"ఇక్కడ ఆయనకి ఏం లోటు చేశామని, అన్నయ్యగారూ?"

"లోటని కాదు తమ్ముడూ. సేవ చేసుకునే భాగ్యం నాకూ ఉండాలిగా."

"మూడో అంతస్తు, లిఫ్టు చెడిపోతే ఎలా అని మీరేగా అన్నారు?"

"చెడిపోతే వీపు మీద మోసుకెళ్తాను."

మామగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఇలా కొట్టుకున్నవాళ్ళను ఆయన చివరిసారి చూసింది పండగ రద్దీలో ఆఖరి బస్సు ఫుట్‌బోర్డు మీద. గొడవ గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి మెట్ల దగ్గరికి వచ్చింది. ఒకడు ఆయన పెట్టె పట్టుకున్నాడు, ఇంకొకడు చంకకర్ర పట్టుకున్నాడు. ఎదుటి ఫ్లాటు తలుపు తెరుచుకుని అధ్యక్షురాలు బయటికి వచ్చింది.

ఆవిడ రిటైరైన ప్రధానోపాధ్యాయిని, అపార్టుమెంటు అసోసియేషన్‌కు అధ్యక్షురాలు. ముసలివాళ్ళను మీరుంచుకోండంటే మీరుంచుకోండని వంతులేసుకునే కుటుంబాల గొడవలు ఆవిడ చాలానే తీర్చింది. నాకు కావాలంటే నాకు కావాలని కొట్టుకునే అల్లుళ్ళను చూడటం ఇదే మొదలు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చివరికి తీర్పు చెప్పింది: మామగారు ఒక నెల కింద, ఒక నెల పైన ఉండాలి. ఆయన ఎక్కడుంటే స్టిక్కరూ చోటూ అక్కడికే. రేపట్నుంచే పెద్దల్లుడి వంతు.

మర్నాడు లిఫ్టులో పైకి వెళ్తూ మామగారు ఒక సంగతి చెప్పారు. కృత్రిమ కాలు చేసే కేంద్రంలో కొలతలు ఎప్పుడో తీసుకున్నారు. కాలు తయారై ఉంది. బిగించి నడిపించి, సరిచేసి, మళ్ళీ నడిపించాలి. కొన్నిసార్లు వెళ్ళాల్సి ఉంటుంది. చిన్నల్లుణ్ణి ఎప్పుడడిగినా వచ్చేవారం అంటున్నాడు.

"నా కాళ్ళ మీద నేను కిందికి దిగి రోడ్డు దాటాలనుంది అల్లుడుగారూ. ఇంకేం కోరిక లేదు."

"అదెంత పని మామయ్యగారూ, నేను తీసుకెళ్తాను," అన్నాడు పెద్దల్లుడు. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాడు. లిఫ్టు మూడో అంతస్తు చేరేలోపు ఇంకో ఆలోచన వచ్చింది. కాలొస్తే ఆయన నడుస్తాడు. నడిచే మనిషికి స్టిక్కరు ఉంచుతారా? అది తేలకుండా తొందరపడటం మంచిది కాదనిపించింది. "వచ్చేవారం వెళ్దాం," అన్నాడు, తలుపు తీస్తూ.

ఆ వారం పెద్దల్లుడి జీవితంలో చారలు లేని వారం. కారును నీలం గీతల మధ్య పెట్టి, దిగి, కాసేపు దూరంగా నిలబడి చూసుకునేవాడు. తోడల్లుడు ఆఖరి స్తంభం పక్కన బకెట్టుతో కనబడ్డ రోజున అవసరం లేకపోయినా అటుగా వెళ్ళి, సున్నం పోవడానికి ఏం వాడాలో చెప్పి వచ్చాడు.

శనివారం ఒక్కడే షాపింగు కాంప్లెక్సుకు వెళ్ళాడు. ప్రత్యేకంగా కొనాల్సినవేం లేవు. గుమ్మం ముందు నీలం గీతల మధ్య కారు ఆపి హుషారుగా దిగాడు. అక్కడి గార్డు వచ్చి, కారులో వికలాంగులెవరని అడిగాడు. పెద్దల్లుడు "నేనే," అన్నాడు. అన్నాక నడవక తప్పలేదు. ఎడమకాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాటాడు. పాపం అని ఎవరో దారి ఇచ్చారు. ఎవరో తలుపు పట్టుకున్నారు. లోపల ఒకావిడ వరసలో తన ముందుకు వెళ్ళమంది. ఇది కూడా బాగానే ఉందనిపించింది.

సంచులతో బయటికి వచ్చినప్పుడు గార్డు కారు దాకా వెంట నడిచాడు.

"సార్, ఇందాక లోపలికి వెళ్ళేటప్పుడు ఈడ్చింది ఎడమ కాలు కదా," అన్నాడు మర్యాదగా.

పెద్దల్లుడు కాలు మార్చుకున్నాడు. అప్పుడే కింది అంతస్తుల పార్కింగులోంచి మెట్లెక్కి, చెమటలు కక్కుతూ పైకి వచ్చిన ఒక మనిషి ఇదంతా స్తంభం పక్కనుంచి చూశాడు. స్టిక్కరు పోయినప్పట్నుంచి కారును పాతాళంలో పెట్టుకుంటున్న చిన్నల్లుడు అతను.

ఇంతలో అధ్యక్షురాలు ఊరుకోలేదు. అపార్టుమెంటు వాళ్ళ ఫోన్ల గ్రూపులో ఈ అల్లుళ్ళ గురించి పొడుగ్గా రాసింది. మామగారికి ఒక కాలు పోయినా నాలుగు కాళ్ళు దొరికాయంది. వచ్చే శనివారం పొద్దున కింద చిన్న సభ పెట్టి ఇద్దరికీ జ్ఞాపిక ఇస్తామని ప్రకటించింది. జ్ఞాపిక ఒకటే. పేర్లు రెండు.

ఎవరి పేరు ముందు? పెద్దల్లుడు వెళ్ళి వయసు ప్రకారం రాయించడం పద్ధతి అన్నాడు. అతను లిఫ్టెక్కగానే చిన్నల్లుడు వెళ్ళి, మామగారు ముందుగా ఎవరింట్లో ఉన్నారో చూడటం న్యాయం అన్నాడు. ఇన్నేళ్ళు పిల్లల తగువులు తీర్చిన ఆవిడ, పేర్లను గుండ్రంగా చెక్కించింది. జ్ఞాపిక వచ్చాక ఇద్దరూ విడివిడిగా దాన్ని తిప్పి తిప్పి, గుండ్రం ఎక్కడ మొదలవుతుందో వెతికారు.

సభ రోజున కింద కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. అధ్యక్షురాలు మాట్లాడి, చాలామంది చేత కళ్ళు తుడిపించి, మామగారి చేతుల మీదుగా జ్ఞాపిక ఇప్పిస్తామంది. అందరూ చుట్టూ చూశారు. మామగారు లేరు. పెద్దల్లుడు ఫోను చేస్తే ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పెద్దమ్మాయి కూడా కనబడలేదు.

"ఈ నెల ఆయన బాధ్యత అన్నయ్యగారిది," అన్నాడు చిన్నల్లుడు, అనవసరంగా మైకు దగ్గరికి వెళ్ళి. "మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇలా ఎప్పుడూ తప్పిపోలేదు."

"ఎలా తప్పిపోతారు? బాల్కనీ దాటి తీసుకెళ్తేగా," అన్నాడు పెద్దల్లుడు. అతనికీ మైకు అందింది. "స్టిక్కరేమో జిమ్‌కి, మనిషేమో బాల్కనీకి."

"నేను జిమ్‌కి వెళ్ళినా రెండు కాళ్ళ మీద వెళ్ళాను. షాపింగ్ కాంప్లెక్సులో కుంటలేదు. వెళ్ళేటప్పుడు ఒక కాలు, వచ్చేటప్పుడు ఒక కాలు."

కుర్చీల్లో ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"అన్ని నెలలు ఆయన్ని కాలు బిగించుకోడానికి తీసుకెళ్ళనిది నువ్వు."

"మీరు తీసుకెళ్ళారా? కాలొస్తే స్టిక్కరు ఉంటుందా ఊడుతుందా అని అసోసియేషన్ గుమాస్తాని అడిగింది ఎవరు?"

మైకు చాలా మంచిది. ఈ ప్రశ్న మేడ మీద బట్టలారేస్తున్నవాళ్ళకు కూడా వినబడింది. అధ్యక్షురాలు చేతిలోని జ్ఞాపికను నెమ్మదిగా బల్ల మీద బోర్లించింది.

అప్పుడే గేటుకు ఎదురుగా బస్సు ఆగింది. ముందు పెద్దమ్మాయి దిగింది. వెనక ఒక చేతికర్ర దిగింది, తర్వాత ఎడమకాలు, ఆ తర్వాత బూటు తొడిగిన కుడికాలు. మామగారు బస్సు వెళ్ళేదాకా ఆగి, అటూ ఇటూ చూసుకుని, కూతురి చెయ్యి పట్టుకోకుండా రోడ్డు దాటారు. ఇంటి మగవాళ్ళు కార్లేసుకుని వెళ్ళిన పూటల్లో తండ్రీకూతుళ్ళు బస్సులో ఆ కేంద్రానికి వెళ్ళి వస్తున్నారు. ఎక్కడికి వెళ్ళావని భర్త అడగలేదు కనుక ఆమె చెప్పలేదు.

అందరూ లేచి నిలబడ్డారు. ఆయన మెల్లగా నడిచి వచ్చి ఒక కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకున్నారు. ఆ మైకు గొడవ బస్సులోకి కూడా వినిపించిందని చెప్పారు.

"నా ఉద్యోగంలో ఒకటి గమనించాను," అన్నారు. "వికలాంగుల సీట్లో కూర్చున్నవాడికి నిద్ర చాలా తొందరగా పడుతుంది. చంకకర్రవాడు ఎక్కేసరికి గురక కూడా పెడతాడు. అలాంటివాళ్ళను భుజం తట్టి లేపేవాణ్ణి. చివరికి ఇంట్లోవాళ్ళను లేపాల్సి వస్తుందనుకోలేదు."

అల్లుళ్ళిద్దరూ నేల చూశారు. తాను చూస్తున్న నేలనే తోడల్లుడూ చూస్తున్నందుకు పెద్దల్లుడికి చిరాకేసింది.

"కాలొచ్చినంత మాత్రాన స్టిక్కరు ఊడదు అల్లుడుగారూ. ఇది పడుకునే ముందు విప్పి మంచం పక్కన పెట్టుకోవాల్సిందే. మళ్ళీ ఒంటికాలే." ఆయన చెయ్యి చాచారు. పెద్దల్లుడు కారు దగ్గరికి వెళ్ళి, స్టిక్కరు ఊడదీసి తెచ్చి ఇచ్చాడు. తోడల్లుడికి ఇస్తారేమోనని ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. మామగారు దాన్ని తన చొక్కా జేబులో పెట్టుకున్నారు. అధ్యక్షురాలు మైకు సరిచేసుకుని కొత్త తీర్పు చెప్పింది: ఆయన ఏ కారులోంచి దిగితే, దిగినంతసేపు ఆ చోటు ఆ కారుది. తక్కిన వేళల్లో ఖాళీగా ఉంటుంది.

తర్వాత చాలా రోజులు ఖాళీగానే ఉంది. మామగారు ఎక్కడికైనా బస్సులోనే వెళ్ళొచ్చేవారు. పెద్దల్లుడికి మళ్ళీ బకెట్టూ పాతగుడ్డా తప్పలేదు, కాని కడుపులో మంట లేదు. తనకు దక్కనిది తోడల్లుడికీ దక్కలేదన్న చల్లదనం అతని ముఖంలో కనబడేది. అన్నం సహించింది. మీ చెల్లెలి మొగుడు మంచివాడే అని కూడా ఒకసారి భార్యతో అన్నాడు.

ఒక సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చేసరికి నీలం గీతల మధ్య చిన్నల్లుడి కారు ఉంది. అద్దానికి స్టిక్కరు ఉంది. తలుపు తీసి మామగారు దిగుతున్నారు. లోపలినుంచి ఏదో పాతకాలం పాట వినబడుతోంది. ఆయన దానికి తాళం వేస్తూ, అయిపోయేదాకా ఉండి, అప్పుడు కర్ర అందుకున్నారు. చిన్నల్లుడు ఆయన వైపు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. వాన లేదు.

పెద్దల్లుడు మెట్లెక్కి పైకి వచ్చాడు. లిఫ్టు గుర్తు రాలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, మామయ్యగారికి ఎలాంటి పాటలంటే ఇష్టమని భార్యను అడిగాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళ నాన్న గురించి అతను అడిగిన మొదటి ప్రశ్న అది.